20 ఏళ్ళుగా షెడ్డులో ఉన్న 1964 డాడ్జ్ డార్ట్: మొదటి పాత కారుగా కొనొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటారు. పక్క ఊళ్ళో ఒక పెద్దాయన షెడ్డులో 1964 డాడ్జ్ డార్ట్ 270 ఉంది, నాలుగు తలుపుల బండి, ఒక పక్కకు ఒరిగి ఉండే స్లాంట్ సిక్స్ ఇంజను, గేర్లకు బటన్లు నొక్కే ఆటోమేటిక్. 20 ఏళ్ళుగా కదల్లేదు, 4,500 డాలర్లు అడుగుతున్నాడు. మీకు పాత బండ్ల పని తెలీదు, గ్యారేజీ ఉంది, శని ఆదివారాలు ఉన్నాయి. కొనొచ్చా, ఇంజను పట్టేసి ఉంటే ఏం చేయాలి, దీనికంటే ఫోర్డ్ ఫాల్కన్ గానీ షెవర్లే కోర్వేర్ గానీ మంచివా, మొత్తం ఎంతవుతుంది అని అడిగారు.

నా సమాధానం: మొదటి బండిగా డార్ట్ చాలా మంచి ఎంపిక. కానీ ఈ డార్ట్ కొనాలా వద్దా అన్నది దాని ఇంజను చూసి కాదు, కింద రేకు చూసి తేల్చుకోండి. ఇంజను పట్టేసి ఉన్నా ఫరవాలేదు. కింద చట్రం లాంటి భాగాలు గట్టిగా ఉంటే 4,500 ఇచ్చేయొచ్చు, కాస్త బేరమాడితే ఇంకా మంచిది. అవి తుప్పు తినేసి ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

నేను మిషిగన్‌లో డెట్రాయిట్ పక్కన ఉంటాను. 2007 నుంచి ఈ చిన్న అమెరికన్ కార్ల మీద పని చేస్తున్నాను. ఉద్యోగం వేరే, ఇది నా గ్యారేజీలో నేను చేసుకునే పని. ముందు ఒక 1962 ఫాల్కన్, తర్వాత క్రైస్లర్ వాళ్ళ 1963 వాలియంట్, ఇప్పుడు ఒక 1966 డార్ట్ నడుస్తోంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య టింకరింగ్ షెడ్డులో గడిపేవాణ్ణి. అక్కడికి వచ్చే పాత ఫార్గో లారీలకూ ఈ డార్టుకీ ఇంటి పేరు ఒకటే అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు క్రైస్లర్ లైసెన్సు మీద డాడ్జ్, ప్లిమత్, ఫార్గో బండ్లు తయారు చేసేవాళ్ళు. ఆ మాట తెలిశాక ఈ బండ్ల మీద మమకారం ఇంకాస్త పెరిగింది.

రేకు ఎందుకంత ముఖ్యం

పాత పెద్ద అమెరికన్ కార్లలో చాలావాటికి కింద విడిగా ఛాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. డార్ట్, వాలియంట్, ఫాల్కన్‌లకు అలా లేదు. నేల రేకు, పక్క రేకులు, కింద వెల్డింగ్ చేసిన పట్టీలు అన్నీ కలిసే ఛాసిస్. కాబట్టి నేల రేకులో తుప్పు అంటే కార్పెట్ కింద కంతలు అని మాత్రమే కాదు, బండి నడుము విరిగినట్టు. పైగా డార్టులో ముందు చక్రాల బరువును కాయిల్ స్ప్రింగులు మోయవు. ఇంజనుకు అటూ ఇటూ ముందు నుంచి వెనక్కి రెండు పొడవాటి ఉక్కు కడ్డీలు ఉంటాయి, వాటినే టార్షన్ బార్లు అంటారు, అవి మెలి తిరుగుతూ స్ప్రింగు పని చేస్తాయి. ఆ కడ్డీల వెనక కొసలు ముందు సీటు దగ్గర నేల కింద అడ్డంగా ఉండే ఒక క్రాస్ మెంబర్‌లో కూర్చుంటాయి. అది తుప్పు పట్టి మెత్తబడితే కడ్డీ రేకును చీల్చుకుని బయటకొచ్చేస్తుంది. మీ బండిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

శనివారం వెళ్ళేటప్పుడు ఒక పెద్ద అట్ట, టార్చ్ లైటు, పాత స్క్రూడ్రైవర్, పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం, ఒక బకెట్ నీళ్ళు తీసుకెళ్ళండి. జాకీ మీదున్న బండి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టాకే దూరండి. అట్ట పరుచుకుని వెల్లకిలా పడుకుని ఆ క్రాస్ మెంబర్‌ని స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. పెద్దాయన్ని ముందే అడిగి పొడవండి, కాదంటే అక్కడితో ఆపేయండి. మంచి ఉక్కు అయితే టంగుమని చప్పుడొస్తుంది, మొన జారుతుంది. పాడైతే చప్పుడు మెత్తగా వస్తుంది, ఎర్రటి పొరలు మొహం మీద రాలతాయి, కళ్ళద్దాలు పెట్టుకోవడం మరవకండి. తర్వాత వెనక స్ప్రింగ్ పట్టీలు బాడీకి తగిలే చోట, ముఖ్యంగా ముందు కొస దగ్గర, అదే పరీక్ష చేయండి. ఆ తర్వాత లోపల కార్పెట్ ఎత్తి కాళ్ళు పెట్టే చోటు, డిక్కీలో మ్యాట్ ఎత్తి స్పేర్ టైరు గుంట చూడండి. వెనక అద్దం రబ్బరు ఎండిపోయి కారిన నీళ్ళన్నీ డిక్కీలోకే చేరతాయి.

బకెట్ నీళ్ళెందుకంటే, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ లాంటి కంతలుంటాయి కదా, దాని లోపల ఒక పెట్టె ఉంటుంది, కౌల్ అంటారు. అక్కడ మెల్లగా నీళ్ళు పోయండి. నీళ్ళు ముందు చక్రాల వెనక నుంచి బయట పడాలి. లోపల కాళ్ళ దగ్గర చుక్క పడినా కౌల్ తుప్పు తిన్నట్టే. దాన్ని బాగుచేయాలంటే పైనున్న రేకు వెల్డింగులు ఊడదీసి మళ్ళీ వేయాలి, అనుభవం లేనివాళ్ళు చేసే పని కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా ఫాల్కన్. 2007లో ఎర్రటి రంగుతో మెరిసిపోతున్న 1962 ఫాల్కన్ ఒకటి చూసి, ఇంజను చప్పుడు విని, ఒక రౌండు నడిపి కొనేశాను. నెల తర్వాత మొదటి పెద్ద వాన. పొద్దున చూస్తే కార్పెట్ తడిసి ముద్దయింది. ఎత్తి చూస్తే నేల మీద రేకు ముక్కలు రివెట్లు కొట్టి, పైన తారు పూసి ఉన్నాయి. అయస్కాంతం పట్టుకుని బండి చుట్టూ తిరిగితే వెనక చక్రాల పైన ఎక్కడా అంటుకోలేదు, అక్కడ వేలు మందాన లప్పం ఉంది. పైన పటారం, లోన లొటారం. అదే బండికి రంగు పోయి, ఇంజను ఆగిపోయి, రేకు గట్టిగా ఉండి ఉంటే ఈపాటికి నా దగ్గరే ఉండేది. ఉన్నదున్నట్టు చెప్పి నష్టానికి అమ్మేశాను. అప్పట్నుంచి మెరిసే బండి కంటే దుమ్ము పట్టిన బండిని ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే దాచడానికి దాని మీద ఏమీ పూసి ఉండదు. మీది షెడ్డులో ఉన్న బండి కాబట్టి ఆ రకంగా మేలే. ఒక్కటి మాత్రం అడగండి, షెడ్డు నేల సిమెంటా మట్టా అని. మట్టి నేల మీద 20 ఏళ్ళుంటే చెమ్మ కింద నుంచి తినేస్తుంది.

ఇంజను గురించి దిగులు వద్దు

స్లాంట్ సిక్స్ అనేది 1960 వాలియంట్‌తో వచ్చింది. ఆరు సిలిండర్లు వరుసగా ఉంటాయి, మొత్తం ఇంజను 30 డిగ్రీలు ప్రయాణికుడి వైపు ఒరిగి ఉంటుంది. అలా ఒరగబెట్టడం వల్ల బానెట్ ఎత్తు తగ్గింది, రెండో పక్క ఖాళీ దొరికింది, ఆ ఖాళీలో పొడవాటి గొట్టాలున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ పెట్టి ఆరు సిలిండర్లకూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం సమానంగా అందేలా చేశారు. 170, 225 క్యూబిక్ అంగుళాల సైజుల్లో 1964 డార్టుకు వచ్చింది. అప్పటి లెక్కల్లో చిన్నది 101 గుర్రాలు (హార్స్‌పవర్), పెద్దది 145. డాడ్జ్ పికప్పుల్లో 1987 దాకా ఈ ఇంజను వేశారు కాబట్టి సామాన్లకు ఈరోజుకీ కరువు లేదు.

20 ఏళ్ళు ఆగిన ఇంజనుకు తాళం తిప్పడం పెద్ద తప్పు. పెద్దాయన బ్యాటరీ తెచ్చి "చూడు, స్టార్ట్ అవుతుంది" అన్నా వద్దనండి. ముందు ప్రయాణికుడి వైపున్న ఆరు ప్లగ్గులు తీసి, ఒక్కో కంతలో తుప్పు వదిలించే నూనె కొద్దిగా పోసి, రెండు మూడు రోజులు వదిలేయాలి. తర్వాత చేత్తో తిప్పి చూడాలి. ఈ ఇంజన్లలో చాలావాటికి క్రాంక్ ముందు కప్పీకి బోల్టే ఉండదు, పానా పెట్టి తిప్పడానికి కుదరదు. కింద గేర్ బాక్స్ ముందున్న చిన్న కవర్ తీసి, రింగ్ గేర్ పళ్ళను పెద్ద స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్నూ జరుపుతూ తిప్పాలి. నా వాలియంట్ నాలుగో రోజు సాయంత్రం కదిలింది, ముందు ఒక పన్ను, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత బిర్రుగా ఉన్న మూత వదిలినట్టు ఒక్కసారి వదులైంది. ఆ క్షణానికి గ్యారేజీలో నేనొక్కణ్ణే ఉన్నాను, లోపలికెళ్ళి ఇంట్లో అందర్నీ లేపాను.

కదిలాక ఆయిలూ ఫిల్టరూ మార్చి, పెట్రోలు పాత ట్యాంకు నుంచి కాకుండా చిన్న డబ్బా నుంచి గొట్టం పెట్టి ఇవ్వండి. పాత ట్యాంకులో ఉన్నది పెట్రోలు కాదు, బంక. ట్యాంకు దించి కడిగించాలి లేదా కొత్తది వేయాలి. రబ్బరు గొట్టాలన్నీ మార్చండి, ఇప్పటి పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, ఆ కాలపు రబ్బరు దానికి నాని ఊడిపోతుంది. సీసం లేని పెట్రోలుకు వాల్వులు ఆనుకునే వాల్వ్ సీట్లు అరిగిపోతాయని చాలామంది భయపెడతారు. ఆదివారం పూట నెమ్మదిగా తిరిగే బండికి నేనైతే ఆ పని కోసం హెడ్ దించను. వేరే కారణంతో దించితే అప్పుడు గట్టి సీట్లు వేయిస్తాను.

ఇంజను టకటకమంటుంటే బెంబేలు పడకండి. వాల్వులను కదిపే ఈ ట్యాపెట్లు చేత్తో సెట్ చేసే రకం. మన దగ్గర పాత అంబాసిడర్, జీపులకు చేసిన మెకానిక్ ఎవరైనా కళ్ళు మూసుకుని చేస్తాడు. ఇంజను బాగా వేడెక్కాక, ఇన్‌టేక్‌కు అంగుళంలో వెయ్యి భాగాల లెక్కన 10, ఎగ్జాస్టుకు 20 ఖాళీ పెట్టాలి. ఖాళీ కొలిచే పల్చటి రేకు, అంటే ఫీలర్ గేజ్, బిర్రుగా కాక, వదులుగా కాక, వెన్నలో కత్తిలా లాగితే వచ్చేలా ఉండాలి. కొంచెం చప్పుడు ఉండనివ్వండి. పూర్తిగా నిశ్శబ్దంగా ఉందంటే ఖాళీ తక్కువైనట్టు, వాల్వులు కాలతాయి.

ఇంకొక్క మాట, ఇది చాలామందికి తెలీక డబ్బు పోగొట్టుకుంటారు. ఈ ఇంజను మానిఫోల్డ్ నట్లు గట్టిగా బిగించకూడదు. ఇన్‌టేకూ ఎగ్జాస్టూ రెండూ ఒకే పక్క, ఒకదానికొకటి మూడు బోల్టులతో కలిసి ఉంటాయి. వేడికి ఎగ్జాస్టు పోత ఇనుము పొడవు పెరుగుతుంది, జరగడానికి దానికి చోటు కావాలి. ముందు ఆ మూడు బోల్టులు వదులుగా ఉంచి, రెంటినీ హెడ్డుకు తగిలించి, నట్లు 10 ఫుట్ పౌండ్ల దగ్గర ఆపి, చివర్లో ఆ మూడూ బిగించాలి. లీకవుతోందని ఇంకో చుట్టు బిగిస్తే పగులుతుంది.

ఇంజను కంటే ముందు బ్రేకులు

నేను ఇంజను తిరిగిందన్న సంతోషంలో 2011లో బ్రేకులు సగం సగం చూసి వాలియంట్ రోడ్డెక్కించాను. ఎర్ర లైటు దగ్గర పెడల్ తొక్కితే నేల దాకా వెళ్ళిపోయింది. వెనక చక్రంలో ఉండే చిన్న సిలిండర్ రబ్బరు తెగి ఆయిలంతా పోయింది. పార్కింగ్ బ్రేక్ లాగి, పక్కన గడ్డిలోకి తిప్పి ఆపాను. ముందు బండి లేదు కాబట్టి సరిపోయింది. పక్క సీట్లో మా అబ్బాయి ఉన్నాడు. అది ఇప్పటికీ మర్చిపోలేను.

కారణం ఏంటంటే, మీ బండిలో పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిలు తోసే బ్రేకు మాస్టర్ సిలిండర్‌కి ఒకటే గది. నాలుగు చక్రాల్లో ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ముందు చక్రాలకు ఒకటి, వెనక వాటికి ఒకటి అని రెండు గదులది క్రైస్లర్ బండ్లకు 1967 నుంచి వచ్చింది, 1968 మోడళ్ళ నుంచి చట్టం కూడా అదే అడిగింది. 1967 తర్వాతి డ్రమ్ బ్రేకుల డార్టు మాస్టర్ సిలిండర్‌ని కొద్ది మార్పులతో మీ బండికి వేయొచ్చు. గొట్టాలు కొత్తవి లాగి ముందూ వెనకా విడదీయాలి. ఈ మార్పు చేసి, నాలుగు చక్రాల సిలిండర్లు, మూడు రబ్బరు గొట్టాలు, ఇనుప గొట్టాలు అన్నీ కొత్తవి వేశాకే బండి ఇంటి గేటు దాటించండి. ఖర్చు కొన్ని వందల డాలర్లు. ఏనుగుని కొని అంకుశం దగ్గర లెక్కలు చూసుకోకూడదు. డ్రమ్ములు తీసేటప్పుడు లోపలి దుమ్ము ఊదొద్దు, గాలి కొట్టొద్దు, ఆ కాలపు బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది. మాస్కు పెట్టుకుని, తడి చేసి తుడిచి, ఆ గుడ్డ సంచిలో కట్టి పారేయండి.

చక్రాలు విప్పే ముందు ఇది చదవండి. డ్రైవర్ వైపు చక్రాల బోల్టులకు ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే దిక్కుకు తిప్పితే వదులవుతాయి. బోల్టు కొసన ఎల్ అనే అక్షరం చెక్కి ఉంటుంది, తుప్పులో కనపడదు, వైర్ బ్రష్షుతో రుద్దితే తేలుతుంది. నేను గాలి గన్ పెట్టి రెండు బోల్టులు తెంపాను. పోయిన బోల్టు మార్చొచ్చు గానీ సగం రోజు పోతుంది.

ముందు డిస్కులు వేయమని కూడా చెబుతారు. 1973 నుంచి 76 దాకా వచ్చిన డార్టుల ముందు భాగాలు మీ బండికి తగులుతాయి, మంచి మార్పే. అయితే వాటి బోల్టుల వలయం 4.5 అంగుళాలు, మీ వెనక చక్రాలది 4 అంగుళాలు. ముందో స్పేర్, వెనకో స్పేర్ మోయలేరు కాబట్టి చివరికి వెనక యాక్సిల్ కూడా మార్చాల్సి వస్తుంది. మొదటి ఏడాది దాని జోలికి వెళ్ళకండి. సరిగా అమర్చిన డ్రమ్ములు ఆ బరువుకి ఆపుతాయి, ముందు బండికి దూరం ఎక్కువ వదలడం మాత్రం అలవాటు చేసుకోండి. టైర్లు ఎంత కొత్తగా కనపడినా పక్కన నాలుగు అంకెల తేదీ చూడండి, 2304 అంటే 2004లో 23వ వారం. అలాంటివి గ్యారేజీలో జరపడానికే.

కరెంటు పని

ఇక్కడ రెండే రెండు చెబుతాను, ఎందుకంటే క్రైస్లర్ బండ్లను రోడ్డు మీద నిలబెట్టేవి ఎక్కువగా ఈ రెండే.

మొదటిది, డాష్‌బోర్డులో ఉండే యామీటర్, కరెంటు ఎంత పారుతోందో చూపే మీటరు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్ళే కరెంటు మొత్తం ఇంజనుకూ సీట్లకూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌లో ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్ గుండా లోపలికొచ్చి, యామీటర్ గుండా పోయి, మళ్ళీ అదే కనెక్టర్ గుండా బయటకెళ్తుంది. 60 ఏళ్ళ పిన్నులు తుప్పు పట్టి వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోతుంది. కనెక్టర్ ఊడదీసి చూడండి, పిన్నుల చుట్టూ గోధుమ రంగు మాడు కనిపిస్తే ఆ మార్గాన్ని పక్కన పెట్టి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి బయట నుంచే లావు వైరు ఫ్యూజిబుల్ లింకుతో (కరెంటు మరీ ఎక్కువైతే కరిగి తెగిపోయే వైరు ముక్క) వేయించండి. ఓల్ట్ మీటర్ ఒకటి పెట్టుకుంటే చాలు.

రెండోది బ్యాలస్ట్ రెసిస్టర్. ఫైర్‌వాల్ మీద తెల్లటి పింగాణీ కడ్డీలా ఉంటుంది, చాక్‌పీసుకి కాస్త పెద్దది. అది పోతే బండి వింతగా ప్రవర్తిస్తుంది. తాళం తిప్పి పట్టుకున్నంతసేపు ఇంజను అందుకుంటుంది, తాళం వదలగానే చచ్చిపోతుంది. కారణం, స్టార్టర్ తిరిగేటప్పుడు ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చే కాయిల్‌కి కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా వెళ్తుంది, వదిలాక దాని గుండా వెళ్ళాలి. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూయిజ్ అనే పాత కార్ల ఊరేగింపు రోజున, ఆ జనం మధ్యలో నా వాలియంట్ సరిగ్గా ఇలాగే ఆగింది. గ్లవ్ బాక్సులో కొత్తది ఉంది, ఒక స్క్రూ, రెండు వైర్లు, పది నిమిషాల్లో బయల్దేరాం. మీరూ ఒకటి గ్లవ్ బాక్సులో పడేయండి. ధర చాలా తక్కువ, అది లేకపోతే వచ్చే టెన్షన్ చాలా ఎక్కువ.

ఫాల్కనా, కోర్వేరా?

కొంచెం వెనక్కి వెళ్తే, 1950లో నాష్ ర్యాంబ్లర్ అమెరికాలో చిన్న కార్లకు దారి వేసింది, 1959లో స్టూడిబేకర్ లార్క్ వచ్చింది, అవి అమ్ముడుపోవడం చూసి డెట్రాయిట్ మూడు పెద్ద కంపెనీలూ 1960 మోడళ్ళుగా ఒక్కోటి దించాయి. షెవర్లే కోర్వేర్, ఫోర్డ్ ఫాల్కన్, క్రైస్లర్ వాలియంట్. మీ డార్ట్ 1963లో వాలియంట్ చట్రం మీద కొంచెం పొడవు పెంచి చేసిన బండి.

ఫాల్కన్ సామాన్లు దొరకడంలో డార్టు కంటే కూడా మెరుగు, ఎందుకంటే మొదటి మస్టాంగ్‌ని ఫాల్కన్ భాగాల మీదే కట్టారు. తొలి 144 క్యూబిక్ అంగుళాల ఇంజను మాత్రం నీరసం, 90 గుర్రాలు. ఇప్పటి హైవే ఎక్కితే పాపం అనిపిస్తుంది. 170 గానీ 200 గానీ ఉన్నది దొరికి, కౌల్ బాగుంటే కళ్ళకద్దుకుని తీసుకోండి.

కోర్వేర్ మీద నాకు చాలా గౌరవం ఉంది. వెనక ఇంజను, అల్యూమినియం, ఆరు సిలిండర్లు పడుకుని ఉంటాయి, గాలితో చల్లబడుతుంది. ఆ రోజుల్లో అమెరికాలో అంత ధైర్యం ఇంకెవరూ చేయలేదు. 1965లో వినియోగదారుల హక్కుల లాయరు రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకంతో దానికి ప్రమాదకరమైన బండని పేరొచ్చింది, 1972లో ప్రభుత్వ సంస్థే పరీక్షించి ఆ కాలపు ఇతర బండ్లకంటే అధ్వానం కాదని తేల్చింది. తొలి మోడళ్ళకు ముందు టైర్లలో 15, వెనక 26 పౌండ్ల గాలి ఉండాలి, ఆ తేడా పాటించకుండా అన్నిటికీ సమానంగా కొట్టిస్తే మూల మలుపుల్లో తోక జాడిస్తుంది. మొదటి బండిగా ఎందుకు వద్దంటానంటే, దాని పని దానిదే, పక్క వీధి మెకానిక్ ముట్టుకోడు. పుష్ రాడ్ గొట్టాల రబ్బరు రింగుల నుంచి నూనె కారడం దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు, మంచి రకం రింగులు వేస్తే తగ్గుతుంది. రెండో బండిగా తీసుకోండి, అప్పుడు నేనే మిమ్మల్ని ఎంకరేజ్ చేస్తాను.

ర్యాంబ్లర్ అమెరికన్ కూడా మంచిదే, పైగా ఆ కంపెనీ 1962లోనే రెండు గదుల బ్రేకు ఇచ్చింది. రేకు సామాన్లు దొరకడం కష్టం, అంతే.

డబ్బూ, కాలమూ

నా వాలియంట్ పద్దు చెబుతాను, నోటు పుస్తకంలో రాసుకున్నదే. కొన్నది 2,800 డాలర్లు. బ్రేకులు, ముందు సస్పెన్షన్ 1,400. నేల రేకు ముక్కలు, వెల్డింగ్ 2,600. ఇంజను, కార్బురేటర్, రేడియేటర్, ట్యాంకు 1,900. వైరింగు 400, టైర్లు 450, సీట్లూ కార్పెట్లూ 1,300. రంగు 6,500. అంతా కలిపి 17,350. నాలుగేళ్ళు పట్టింది, ఇవి 2010 నుంచి 2014 దాకా ధరలు, ఇప్పుడు పెయింట్ షాపువాళ్ళు దానికి రెట్టింపు అడుగుతున్నారు. ఆ బండిని అప్పుడే అమ్మితే పది పదకొండు వేలు వచ్చేవేమో. నాలుగు తలుపుల బండి మీద పెట్టుబడి తిరిగి రాదు, లాభం కోసమైతే ఈ దారిలోకి రాకండి. కానీ పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఐస్‌క్రీం కొట్టుకు వెళ్ళడానికి నాలుగు తలుపులే సుఖం, అదే రెండు తలుపుల హార్డ్‌టాప్ అయితే కొనే ధరే ఎక్కువ.

పద్దులో రంగు ఎంత తిందో చూశారు కదా. అందుకే నా సలహా, మొదటి రెండేళ్ళు రంగు జోలికి పోకండి. బ్రేకులు, టైర్లు, పెట్రోలు మార్గం, వైర్లు చూసి, బండిని నడిచేలా చేసి, ఎండకు వెలిసిన అదే రంగుతో తిరగండి. బండిని ముక్కలు ముక్కలుగా విప్పేసి డబ్బాల్లో పెట్టి, మూడేళ్ళకు ఆసక్తి పోయి అమ్మేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను, అలాంటి డబ్బాల బండ్లు అమ్మకానికి ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. నెలకోసారైనా నడిచే బండి మీద మనసు నిలుస్తుంది. నా డార్టు రంగు ఇప్పటికీ ఫ్యాక్టరీలో వేసిందే, బానెట్ మీద పల్చబడి కింద ప్రైమర్ కనిపిస్తుంది, మార్చే ఉద్దేశం లేదు.

ఆ బటన్లను మాత్రం అలాగే ఉంచండి. డాష్‌బోర్డుకు ఎడమ పక్క ఉంటాయి, కేబుల్ ద్వారా గేర్ బాక్సును కదుపుతాయి. 1964తో క్రైస్లర్ వాటిని ఆపేసింది, మీది ఆఖరి ఏడాది బండి. కేబుల్ బిగుసుకుపోయిందని తీసి నేల మీద లివర్ పెట్టించుకునేవాళ్ళు ఉన్నారు. ఓపిగ్గా శుభ్రం చేసి సర్దితే కేబుల్ మళ్ళీ పని చేస్తుంది, నా వాలియంట్‌ది చేసింది.

కాగితాలు ఒక్క నిమిషం. బండి యాజమాన్య పత్రం, అంటే టైటిల్, పెద్దాయన పేరు మీదే ఉందా చూడండి, చనిపోయిన బంధువు పేరు మీద ఉంటే ఆ పని ఆయన్నే పూర్తి చేయనివ్వండి. ఆ కాలపు బండికి 17 అంకెల నంబరు ఉండదు, అది 1981 నుంచి వచ్చింది. మీ బండి నంబరు డ్రైవర్ తలుపు తెరిస్తే మడతబందుల స్తంభం మీద చిన్న రేకుపై ఉంటుంది, అది టైటిల్‌తో అక్షరం తప్పకుండా కలవాలి. ఇన్సూరెన్సు మామూలుది కాకుండా పాత బండ్లకిచ్చే, ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే పద్ధతిలో తీసుకోండి. పాత బండ్ల ప్లేట్లకు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన, మా మిషిగన్‌లో ఆ ప్లేటు మీద ప్రదర్శనలకూ క్లబ్బు పనులకూ తిరగొచ్చు, ఆగస్టు నెలలో మాత్రం మామూలుగా కూడా తిప్పుకోవచ్చు. మీ రాష్ట్రానిది కొనకముందే కనుక్కోండి.

శనివారం చూసి వచ్చాక నాలుగు ఫొటోలు ఇక్కడ పెట్టండి: టార్షన్ బార్ క్రాస్ మెంబర్ రెండు కొసలు, డ్రైవర్ కాళ్ళ దగ్గర నేల, డిక్కీ నేల. ఇంజను ఫొటో అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం నేను ఖాళీనే, చూసి ఎంత దాకా బేరమాడొచ్చో చెబుతాను.